మంచాన్ని సోఫా చేసిన వేసవి

మా ఇంటికి ముగ్గురికన్నా ఎక్కువమంది వస్తే నాలుగో మనిషి బియ్యం డ్రమ్ము మీద కూర్చోవలసి వచ్చేది. అమ్మ ఆ డ్రమ్ము మీద పాత దుప్పటి ఒకటి నాలుగు మడతలు పెట్టి పరిచి, "ఇక్కడైతే గాలి బాగా తగుల్తుందండి" అనేది. అబద్ధం కాదు. డ్రమ్ము వంటింటి గుమ్మం పక్కనే ఉండేది, గాలితోపాటు పోపు ఘాటు కూడా బాగానే తగిలేది. నిడదవోలులో మేం అద్దెకున్న ఆ రెండు గదుల ఇంట్లో కూర్చోవడానికి ఉన్నవి రెండు ఇనప మడతకుర్చీలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. మడతకుర్చీల్లో ఒకటి తనకు బుద్ధి పుట్టినప్పుడు మడతపడేది. దాన్ని ఎవరికి వెయ్యాలన్నది, వచ్చినవారి మీద అమ్మకున్న అభిప్రాయాన్ని బట్టి తేలేది.

అమ్మకు సోఫా కావాలి. కావాలని ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. పక్కింటివాళ్లు సోఫా కొన్నారనీ, ఎదురింటివాళ్లకు కేబుల్ కనెక్షనూ సోఫా ఒకే వారంలో వచ్చాయనీ, వాన పడేలా ఉందని చెప్పే గొంతుతో చెప్పేది. నాన్న మండలాఫీసులో గుమాస్తా. సోఫా మాట వినపడగానే పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకునేవారు. అలా తొంభైల చివర్లో మాకు ఆటల పేజీ తప్ప ఆయన మొహం పెద్దగా కనపడలేదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. బ్యాంకు పరీక్షలు రాస్తున్నానని చెప్పుకోవడమే నా ఉద్యోగం. తీరిక వేళల్లో ఇంకో పని ఉండేది. ఎక్కడైనా నలుగురు గంభీరంగా ఉంటే ఆ గాంభీర్యానికి సూది గుచ్చడం. పెదనాన్న పోయినప్పుడు మా మేనత్త ఆయన కాళ్ల మీద పడి, నన్ను కూడా తీసుకుపో అన్నయ్యా అని గుండెలు బాదుకుంటుంటే, "నీది ఇంకా వెయిటింగ్ లిస్టేలే అత్తా" అన్నాను. ఆవిడ ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వేసింది. నవ్వినందుకు మళ్లీ మొదటినుంచీ ఏడ్చింది. ఆ తర్వాత రెండేళ్లు నాతో మాట్లాడలేదు. నేను మాత్రం ఆవిడకేదో ఉపకారం చేశాననే అనుకున్నాను.

ఆ వేసవిలో ఒక ఆదివారం, పేపరుతో వచ్చే పుస్తకంలో, మూలపడిన పాత మంచాన్ని సోఫాగా ఎలా మార్చుకోవాలో నాలుగు బొమ్మలతో వేశారు. మొదటి బొమ్మలో మంచం. నాలుగో బొమ్మలో సోఫా, దాని మీద పట్టుచీర కట్టుకుని నవ్వుతున్న ఒకావిడ. మధ్యలో ఏం జరిగిందన్నది చాలావరకు పాఠకుల ఊహకు వదిలేశారు. అమ్మ ఆ కాగితాన్ని జాగ్రత్తగా కత్తిరించి దేవుడి పటాల పక్కన మేకుకు గుచ్చింది. అంటే అది ఇక కోరిక కాదు, మొక్కు. నేను చేసేస్తానన్నాను. చిక్కల్లా ఒకటే. మా ఇంట్లో మూలపడిన మంచం లేదు. ఉన్న మంచాలన్నిటి మీదా మనుషులు పడుకుంటున్నారు.

ఊళ్లో మనుషులకన్నా మంచాలు ఎక్కువున్న ఇల్లు నాకు తెలిసి ఒకటే. అది బ్రహ్మగారిది. మా వైపు పురోహితుణ్ణి బ్రహ్మగారంటాం. మనిషి పోయాక పన్నెండో రోజున ఆయనకు మంచం, పరుపు, దుప్పటి, చెంబు, చెప్పులు, గొడుగు దానం ఇస్తారు. ఇక్కడ ఆయన చేతికిచ్చినవి అక్కడ పోయినవారికి అందుతాయని నమ్మకం. గొడుగు దేనికో నాకిప్పటికీ తెలియదు. అక్కడా మన గోదావరి వానలే ఉంటాయేమో. బ్రహ్మగారింట్లో ఉండేది ఆయనా, భార్యా, తల్లీ. పెరట్లో రేకుల షెడ్డు నిండా మంచాలు గోడకు చేరవేసి నిలబెట్టి ఉండేవి. దూలానికి గొడుగులు గబ్బిలాల్లా వేలాడేవి. ఊరి మొత్తం మీద వానకు భయపడనక్కర్లేని ఇల్లది.

ఆ మంచాలు చాలావరకు పేరుకే మంచాలు. దానానికని వడ్రంగులు చవక కర్రతో పొట్టిగా చేసి అమ్ముతారు. మనిషి పోతే పొడుగు తగ్గుతాడన్నట్టు ఉంటాయి. వాటి మధ్య ఒక్కటి మాత్రం అసలైన మంచం. టేకుది, నవారు అల్లింది, తలవైపూ కాళ్లవైపూ బరువైన చెక్కలున్నది. ఇంత మంచిది దానం ఇచ్చిన మనిషెవరని కాదు, ఇంత మంచిది ఎవరైనా ఇస్తారా అని అడిగాను.

బ్రహ్మగారు ఉత్తరీయంతో మెడ తుడుచుకుని, చవకది చాలని తనే చెప్పానన్నారు. ఇచ్చినాయన వినలేదట. ఆవిడ పడుకున్నదే ఇస్తాను, కొత్తచోట నిద్ర పట్టదు ఆవిడకి అన్నాడట. ఎవరు ఆయన అని అప్పుడైనా అడగాల్సింది. నా దృష్టి మంచం కోళ్ల మీద ఉంది.

"ఇది దానం పట్టిన మంచం. తెలిసే అడుగుతున్నావా?" అన్నారాయన.

"నాకు తెలుసండి. మంచానికి తెలీదు కదా" అన్నాను.

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని, మంత్రం చదివి నీళ్లు వదలగానే అందాల్సింది అక్కడ అందిపోతుందనీ, ఇక్కడ మిగిలేది వట్టి కర్రేననీ చెప్పారు. "కానీ మీ అమ్మగారికి చెప్పి పట్టుకెళ్లు నాయనా. ఆడవాళ్లకు పట్టింపులుంటాయి" అన్నారు. అలాగేనండి అన్నాను. మంచాన్ని రిక్షా మీద వేయించుకుని వచ్చి, రైల్వే క్వార్టర్సులో ఎవరో బదిలీ మీద కాకినాడ వెళ్లిపోతూ అమ్మేశారని అమ్మకు చెప్పాను. దానం మంచం అని తెలిస్తే అమ్మ దాన్ని గుమ్మం దాటనివ్వదు. నన్ను కూడా స్నానం చేయించి గానీ రానివ్వదు.

వీధి చివర వడ్రంగి మేస్త్రీని రంపం అరువడిగితే, ఏం కోస్తావో చూస్తానని వచ్చాడు. పట్టె మీద గోటితో గీరి చూసి, దీన్ని కోసే చేతులు నాకు లేవు బాబూ అని రంపం నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఆ మాట హెచ్చరిక అని నాకనిపించలేదు. పని తప్పించుకుంటున్నాడనుకున్నాను.

పదిహేను రోజులు పెరట్లో దాంతోనే గడిపాను. ముందు నవారు విప్పాను. పాత వార్నిష్‌ను పగిలిన గాజుపెంకుతో గీకాను. గీకినకొద్దీ నల్లటి పొర కింద తేనెరంగు కర్ర బయటపడుతుంటే, చదువుకున్న మూడేళ్లలో దేని మీదా కలగని శ్రద్ధ నాకు దాని మీద కలిగింది. నిడివి తగ్గించాను, వెడల్పు సగం చేశాను. తలవైపు చెక్క వీపు ఆనుకునేది అయ్యింది. కాళ్లవైపు చెక్కను రెండు ముక్కలు చేస్తే రెండు చేతులయ్యాయి. మిగిలిన ముక్కలు నీళ్లపొయ్యిలోకి పోయాయి. ఎడమ ముందుకోడుకు ఎవరో బొటనవేలంత లావు ఇనపబోల్టు బిగించారు. దాన్ని ఊడదీయబోతే నా చెయ్యి ఊడేలా ఉందని వదిలేశాను.

తలవైపు చెక్కకు మాత్రం రెండు గాట్లు ఉండేవి. రెండు అంచుల దగ్గరా, ఒకే ఎత్తులో, ఎవరో రోజూ ఏదో కట్టి లాగినట్టు కర్ర అరిగి నున్నబడింది. దోమతెర తాళ్లు కట్టుకునేవారు కాబోలనుకున్నాను. వాటిలో లప్పం కూరి, ఆరాక ఉప్పు కాగితం పెట్టి రుద్ది, లక్క పాలిష్ మూడు పూతలు వేశాను. చివరికి ఆ గాట్లు ఎక్కడుండేవో నాకే తెలియలేదు. మొత్తం పనిలో నేను బాగా గర్వపడింది దానికే.

తయారయ్యాక అది రెండున్నర మంది కూర్చునే సోఫా అయ్యింది. అమ్మ పాత పట్టుచీర అంచులు కత్తిరించి దిండ్లకు గలీబులు కుట్టింది. మొదటిరోజు సాయంత్రం కాళ్లు పైకి మడుచుకుని ఒక మూలకు ఒదిగి కూర్చుని, గంటసేపు ఏ పనీ చెయ్యలేదు. మా అమ్మ పని లేకుండా కూర్చోగా చూడటం నాకదే మొదలు. నాన్న వారం రోజులు ప్లాస్టిక్ కుర్చీని వదల్లేదు. తర్వాత ఒక మధ్యాహ్నం నేను చూస్తే సోఫాలో నిద్రపోతున్నారు, పేపరు మొహం మీద పెట్టుకునే. ఆ నెలలో అమ్మ పిలిచినంతమందిని మా ఇంటికి ఎన్నడూ పిలవలేదు. వచ్చినవాళ్లందరికీ మావాడే చేశాడండి అని చెప్పేది. ఉద్యోగం గురించి ఎవరూ అడగని నెల కూడా అదే.

జూన్‌లో తొలివాన పడ్డ వారానికి, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒకాయన నాన్న కోసం వచ్చారు. స్టేషను అవతల వీధిలో ఉండేవారు. రేషన్ కార్డులో భార్య పేరు తీయించాలట. పోయి ఆరునెలలు దాటిందట. నాన్న ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. ఆయన దగ్గర్లో ఉన్న మడతకుర్చీ మీద చెయ్యి వేయబోతే అమ్మ కంగారుగా, "అందులో కాదండి అన్నయ్యగారూ, ఇలా సోఫాలో కూర్చోండి" అంది.

ఆయన ఎడమవైపు కూర్చున్నారు. కాసేపు కార్డు గురించే మాట్లాడారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆపేశారు. ఎడమచేత్తో సోఫా చేతిని తడిమి, ఆ చెయ్యే మెల్లగా కిందికి పోనిచ్చి, వంగకుండా, చూడకుండా, సరిగ్గా బోల్టున్న చోట ఆపారు. అది బిగించిన చెయ్యి అయితే తప్ప దాన్నలా వెతకదు.

"ఎక్కడ కొన్నారమ్మా ఇది?" అన్నారు.

కొనలేదని, మావాడే చేశాడని, బదిలీ మీద కాకినాడ వెళ్లిపోయిన రైల్వేవాళ్ల దగ్గర మంచం కొని మార్చాడని అమ్మ సంబరంగా చెప్పింది. ఆయన నా వైపు తిరిగారు. "ఎవరయ్యా వాళ్లు? ఏ డిపార్టుమెంటు?"

ఆ జంక్షనులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, ఏ క్వార్టరులో ఎవరున్నారో చెప్పగలిగే మనిషికి నేను చెప్పాల్సి వచ్చిన అబద్ధం అది. ఇంకే ఆఫీసువాళ్లనో అని ఉండాల్సింది. "సిగ్నల్ అండి" అన్నాను. దాంతో నాకు తెలిసిన రైల్వే అయిపోయింది.

మంచం ఎవరిదో, కొత్తచోట నిద్ర పట్టనావిడ ఎవరో, బ్రహ్మగారితో మొండికేసిన మనిషి ఎవరో నాకు అప్పుడు ఒక్కసారిగా అర్థమైంది. నా సంగతి ఆయనకూ అర్థమైంది. అమ్మ ముందు ఒక్క మాట చాలు. ఆయన ఆ మాట అనలేదు. "అయ్యుంటారు. సిగ్నలోళ్లు వస్తా పోతా ఉంటారు" అని అమ్మ ఇచ్చిన కాఫీ తీసుకున్నారు.

ఆ తర్వాత ఆయన తరచూ రావడం మొదలుపెట్టారు. కార్డు అయ్యిందా అని ఒకసారి, పేపరు చూసి పోదామని ఒకసారి, ఇటు వెళ్తూ అని ఇంకోసారి. మా ఇల్లు ఆయన ఎటు వెళ్లినా దారిలో పడేది కాదు. ఎప్పుడూ మధ్యాహ్నం పూటే వచ్చి, ఎడమవైపే కూర్చుని, అరగంట ఉండి వెళ్లేవారు. ఆయనకు తోడు లేక వస్తున్నారని అమ్మ జాలిపడేది. ఉప్మా చేస్తే ఆయనకు కొంచెం తీసి ఉంచేది. నేను ఆయన వచ్చే వేళకు బయటికి పోయేవాణ్ణి. బ్యాంకు పరీక్షల మీద అంత శ్రద్ధ నాకెప్పుడూ లేదు. లైబ్రరీలో కూర్చుని నిజంగానే చదివాను కూడా.

ఒకరోజు దొరికిపోయాను. మబ్బు పట్టి చినుకులు మొదలవడంతో అమ్మ పెరట్లో ఆరేసిన బట్టలు తీయడానికి పరుగెత్తింది. గదిలో ఆయనా నేనూ మిగిలాం.

"అబ్బాయ్, ఇది మాదే కదూ" అన్నారు మెల్లగా.

"అవునండి."

"మీ అమ్మకు తెలీదు."

"తెలీదండి."

"సరే. నేను చెప్పనులే. ఇచ్చింది వెనక్కి అడక్కూడదు, అడగను కూడా. తలవైపు చెక్క ఏదీ?"

మీరు ఆనుకున్నదేనండి అన్నాను. ఆయన లేచి సోఫా వెనక్కి వెళ్లి, చెక్క రెండు అంచులూ వేళ్లతో తడిమారు. ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి. ఇక్కడ రెండు గాట్లుండాలే అన్నారు. అవి కనపడకుండా ఎంత కష్టపడ్డానో చెప్పుకునే అవకాశం నాకు మొదటిసారి వచ్చింది. "ఎంత వెతికినా దొరకవండి. లప్పం పెట్టి అంత నున్నగా చేశాను" అన్నాను.

ఆయన తలూపారు. మళ్లీ వచ్చి కూర్చున్నారు. అప్పుడు నన్నొక ప్రశ్న అడిగారు. ఆయన దాన్ని చాలా రోజులుగా మోస్తున్నారని, మా ఇంటికి కాఫీ కోసమో పేపరు కోసమో కాదు, ఇది అడగడానికే వస్తున్నారని అడిగాక తెలిసింది.

"బండిలో పార్సిల్ వేస్తే, దిగాల్సిన చోట దింపి, సంతకం పెట్టించుకుంటే గానీ గార్డు పని అయినట్టు కాదు. దీనికి సంతకం పెట్టేవాళ్లు లేరు. బ్రహ్మగారు అందిందన్నారు, సరే అనుకున్నాను. ఇప్పుడు నువ్వు కోసేశావు. నువ్వు కోసినరోజు అక్కడ ఆవిడ కింద మంచం ఉన్నట్టా, పోయినట్టా? నవ్వకు. నేనేం భక్తుణ్ణి కాదు. పడుకుంటే ఇదే తోస్తోంది."

నేను నవ్వలేదు. కానీ గదిలో గాంభీర్యం బాగా పేరుకుపోయింది, నాకు ఊపిరాడలేదు. బ్రహ్మగారు నాతో అన్నమాట ఉంది. అందాల్సింది ఎప్పుడో అందిపోయింది, ఇక్కడున్నది వట్టి కర్రేనండి అని చెబితే సరిపోయేది. ఆయన అదొక్కటే వినాలనుకున్నారు. బ్రహ్మగారి నోట కాదు, కోసినవాడి నోట. ఆ మాట నాకు గుర్తుంది కూడా. దానికన్నా ముందు ఇంకో మాట వచ్చేసింది.

"పోయిందని ఎందుకండీ? ఇక్కడ సోఫా అయ్యిందంటే అక్కడా సోఫాయే అయ్యుంటుంది. ఆవిడ లేచి కూర్చుని ఉంటారు" అన్నాను.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "లేచి కూర్చుందంటావా" అన్నారు, ఎవరో దూరంగా చెప్పింది సరిగ్గా వినపడనట్టు. కాఫీ గ్లాసు కింద పెట్టారు. సగం కాఫీ అలాగే ఉంది. లేచి, తలమీద జేబురుమాలు వేసుకుని, వానలోనే వెళ్లిపోయారు. అమ్మ తడిబట్టలు చేతుల నిండా పట్టుకుని వచ్చి, అంత వానలో వెళ్లిపోయారేంట్రా అంది. ఆయనకు వానంటే ఇష్టమంట అన్నాను. అబద్ధాలు అంత తేలిగ్గా రావడం నాకు అప్పటికి అలవాటైపోయింది.

మళ్లీ ఆయన రాలేదు. రెండు వారాలు అమ్మ తీసి ఉంచిన ఉప్మా నేనే తిన్నాను. మూడో వారం బ్రహ్మగారి దగ్గరికి వెళ్లాను. అడగడానికి వెళ్లానో, ఎవరైనా తిడతారని వెళ్లానో చెప్పలేను. ఆయన తిట్టలేదు. చాపమీద కూర్చోబెట్టి చెప్పారు.

గార్డుగారి భార్యకు పక్షవాతం వచ్చి నాలుగేళ్లు ఆ మంచం మీదే ఉందట. ఆవిడకు కూర్చోవాలని ఉండేదట. పడుకుని పైకప్పు చూడటం కంటే, కూర్చుని వీధి చూడాలని. ఒళ్లు నిలవదు, పక్కకు ఒరిగిపోతుంది. అందుకని ఆయన రోజూ పొద్దున్నా సాయంత్రం ఆవిణ్ణి లేపి, వీపు వెనక దిండ్లు పెట్టి, నవారు పట్టీ ఒకటి చుట్టి, తలవైపు చెక్కకు రెండు పక్కలా కట్టేవారట. అలా పదినిమిషాలు కూర్చునేది. చివరి రోజు సాయంత్రం కూర్చోబెట్టమని అడిగిందట. నడుంనొప్పిగా ఉంది, పొద్దున్న కూర్చోబెట్టానుగా, రేపు చూద్దాంలే అన్నాడట ఆయన.

నేను లప్పం పెట్టి నున్నగా చేసింది దోమతెర గాట్లు కాదన్నమాట.

గార్డుగారు నీ మాట నాకు చెప్పారు, అది నువ్వు తెలిసి అనలేదని ఆయనకు తెలుసు నాయనా అన్నారు బ్రహ్మగారు. అది ఊరటో కాదో నేను తేల్చుకునేలోపే ఇంకొకటి చెప్పారు. సంవత్సరీకం నాడు ఇంకో మంచం దానం ఇస్తానని గార్డుగారు వచ్చి చెప్పారట. అక్కర్లేదు, ఒకసారి ఇస్తే చాలు, శాస్త్రంలో రెండోది లేదు అన్నారట ఈయన. శాస్త్రంలో రంపం కూడా లేదు కదండీ అన్నారట ఆయన. ఆ హాస్యం నాదైతే ఎంత మురిసిపోయేవాణ్ణో.

చలికాలంలో ఆ రెండో మంచం షెడ్డులోకి వచ్చింది. ఇనపది. టేకు కొనే స్తోమత ఆయనకు లేదు, ఉన్న ఒక్క టేకు మంచమూ అప్పుడే ఇచ్చేశారు. బ్రహ్మగారు దాన్ని నాకు చూపిస్తూ, ఆయన ఒక్క షరతు మీద ఇచ్చాడని చెప్పారు. ఎవరికైనా అమ్ముకోండి, ఆ గుమాస్తాగారబ్బాయికి మాత్రం వద్దు అన్నాడట. బ్రహ్మగారు నవ్వుతూనే చెప్పారు. నేనూ నవ్వాననే గుర్తు.

రెండుసార్లు ఆయన ఇంటిదాకా వెళ్లాను. సోఫా మీకే ఇచ్చేస్తాను, విప్పి మళ్లీ మంచం చేయించి ఇస్తాను అని చెబుదామనుకున్నాను. పోయిన ముక్కలు పోయాయి, అయినా మేస్త్రీ చేతుల్లో ఏదో ఒకటి అయ్యేది. కానీ సోఫా గుమ్మం దాటితే అమ్మకు ఎందుకో చెప్పాలి. అమ్మ ఆ మూలకు ఒదిగి కూర్చునే సాయంత్రాలు పోతాయి. నా మీద కొత్తగా పుట్టిన గౌరవం కూడా పోతుంది, అది అసలు కారణం. ఆ గేటు దగ్గర నిలబడితే నోట్లోకి వచ్చేది మాత్రం ఏదో ఒక చమత్కారమే. ఇనప మంచం గురించి ఒకటి, నా మీద పెట్టిన నిషేధం గురించి ఒకటి. రెండుసార్లూ వాటిని మింగి వెనక్కి వచ్చేశాను. మింగిన తర్వాత చెప్పడానికి ఇంకేం మిగల్లేదు.

మరుసటి ఏడు ఎండలు ముదరకముందే ఆయన ఇల్లు ఖాళీ చేసి తునిలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారని నాన్న చెప్పారు. ఆ ఉదయం వెళ్లాను. గుమ్మం ముందు చిన్న లారీ ఆగి ఉంది. సామాను పెద్దగా లేదు. ఒక ఇనప బీరువా, గిన్నెల మూటలు, ఒక చాప. మనుషులు చాలక డ్రైవరు తిట్టుకుంటున్నాడు. నేను వెళ్లి బీరువాకు రెండోవైపు పట్టుకున్నాను. గార్డుగారు నన్ను చూసి, రావద్దనలేదు, రమ్మనలేదు. జాగ్రత్త, మెట్టుంది అన్నారు.

దారిపొడుగునా ఏమనాలో ఆలోచించుకుంటూ వచ్చాను. క్షమించండి అనేది నాటకాల్లో కిరీటం పెట్టుకున్నవాళ్ల మాట. మా ఇళ్లల్లో ఎవరూ ఎవరితోనూ అనగా నేను వినలేదు. తప్పయిపోయింది అనేది చిన్నపిల్లల చేత చెవులు పట్టించి అనిపించేది. ఇరవై మూడేళ్ల మగవాడు అంటే మళ్లీ వేళాకోళంలాగే ఉంటుంది, అందులోనూ నేనంటే. ఇక మిగిలింది సారీ. బస్సులో ఎవరి కాలో తొక్కినప్పుడు అది బాగానే పనికొస్తుంది.

మెట్టు దిగుతుంటే బీరువా మూల ద్వారబంధానికి తగిలింది. పెద్దగా ఏం కాదు, డబ్బాను తట్టినట్టు చప్పుడయ్యింది. ఆయన నాకు మూరెడు దూరంలో ఉన్నారు. అంత దగ్గరగా మళ్లీ దొరకరు. బీరువా బరువు భుజం మీద ఉంది కాబట్టి నా మొహం ఎలా ఉందో ఆయనకు కనపడదు, అది కూడా కలిసొచ్చింది.

"సారీ అండి" అన్నాను. ఉన్నదంతా అందులోనే పెట్టి అన్నాను.

ఆయన వంగి బీరువా మూలను అరచేత్తో తుడిచి చూశారు.

"పర్లేదయ్యా. గీత పడలేదు."